యూరిన్ డబ్బా చేతికిచ్చి ‘బాత్రూం అటు’ అంటే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మీ పేపర్లో మందులకి లొంగని బ్యాక్టీరియా గురించి వరసగా రాస్తున్నారు, చదువుతున్నా, బాగున్నాయి. డాక్టర్లు ఎడాపెడా యాంటీబయాటిక్స్ రాస్తున్నారని, మెడికల్ షాపుల వాళ్ళు చీటీ లేకుండా అమ్మేస్తున్నారని, జనం మంట తగ్గగానే కోర్సు మధ్యలో ఆపేస్తున్నారని అందరికీ తలా కాస్త వడ్డించారు, సంతోషం, కానీ ఆ మందు రాయడానికి ఆధారం ఏంటి అంటే యూరిన్ కల్చర్ రిపోర్టు, అంటే మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసి ఇచ్చే రిపోర్టు, మరి ఆ రిపోర్టుకి ఆధారం ఏంటి అంటే రోగి డబ్బాలో పట్టిచ్చిన ఆ కాసింత మూత్రం, దాని గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క రాలేదు. నేను పల్నాడులో ఒక ల్యాబ్‌లో మైక్రోబయాలజీ బెంచి మీద పనిచేస్తాను, రోజూ పొద్దున్నే ఇంక్యుబేటర్ (బ్యాక్టీరియా పెరగడానికి వెచ్చగా ఉంచే పెట్టె) తలుపు తీసి ముందురోజు పెట్టిన ప్లేట్లు చూడటమే నా పని, అందుకని రాయాలనిపించింది. కొంచెం పొడుగైతే ఏమనుకోకండి, కత్తిరించాల్సి వస్తే నా సోది కత్తిరించండి గానీ శాంపిల్ ఎలా పట్టాలో చెప్పిన భాగం మాత్రం ఉంచండి.

మూత్రంలో మంట, చుక్కచుక్కగా రావడం, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి, ఇవన్నీ మొదలైతే మనవాళ్ళు ముందు ‘వేడి చేసింది’ అంటారు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాలు అన్నీ అయ్యాక, చలిజ్వరం కూడా వచ్చాక అప్పుడు డాక్టర్ దగ్గరికి. డాక్టర్ గారు చీటీ మీద సీయూఈ (మూత్రం పూర్తి పరీక్ష), యూరిన్ కల్చర్ అని రాస్తారు. అది పట్టుకుని ల్యాబ్ కౌంటర్ దగ్గరికి వెళ్తే అక్కడున్న అబ్బాయి డబ్బులు కట్టించుకుని, పేరు వయసు కొట్టుకుని, ఒక డబ్బా చేతికిచ్చి ‘బాత్రూం అటు’ అంటాడు. అంతే. మొదట వచ్చేది పట్టాలా మధ్యలోదా, ముందు కడుక్కోవాలా వద్దా, ఎంత పట్టాలి, మూత ఎక్కడ పెట్టాలి, ఏదీ చెప్పడు. ఆ అబ్బాయి చెడ్డవాడని కాదండి, ఇరవై ఏళ్ళ కుర్రాడు వాళ్ళమ్మ వయసున్న ఆవిడకి ఆ మాటలు ఎలా చెప్తాడు, ఆవిడ మాత్రం ఎలా అడుగుతుంది, వెనకాల లైన్లో జనం నిలబడి వింటుంటే. రక్తం అయితే మేమే తీస్తాం, సూది మాది, ట్యూబ్ మాది, తేడా వస్తే బాధ్యతా మాదే. మూత్రం అలా కాదు, పట్టడం అంతా రోగి చేతిలో పని, అందులోనూ కల్చర్‌కి ఇచ్చేది మరీ జాగ్రత్తగా పట్టాలి, సరిగ్గా దాని దగ్గరే ఎవరూ నోరు తెరవరు. నా బాధంతా ఈ ఒక్కదాని గురించే. ఎన్ని మిషన్లు కొన్నా ఆ రెండు మాటలు చెప్పే మనిషి కౌంటర్ దగ్గర లేకపోతే మా దగ్గరికొచ్చే డబ్బాల్లో చాలావాటికి మేం చేసే పని వృథా.

ఎందుకు వృథానో చెప్తా. మూత్రం బయటికొచ్చే దారి చివర, ఆ చుట్టూ చర్మం మీద, ఆడవాళ్ళకైతే యోని దగ్గర, రకరకాల బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటది, అది జబ్బు కాదు. మూత్రం మొదటి ధార వాటన్నిటినీ కడుక్కుంటూ వస్తది. పొద్దున్నే మున్సిపాలిటీ కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళు వదిలేసి తర్వాత కదా బిందె పెడతాం, ఇదీ అంతే, మొదట కొంచెం బయటికి వదిలేసి, ధార ఆపకుండానే మధ్యలో డబ్బా అడ్డం పెట్టి పట్టుకుని, చివర్ది మళ్ళీ బయటికి వదిలేయాలి. దీన్నే డాక్టర్లు మిడ్‌స్ట్రీమ్ అని రాస్తారు, చీటీ మీద ఎమ్మెస్‌యూ అని కనిపిస్తే అర్థం అదే. మొదటి ధారే పట్టి ఇచ్చేస్తే బ్లాడర్‌లో ఏమీ లేకపోయినా మా ప్లేటు మీద చర్మం బ్యాక్టీరియా అంతా మొలుస్తది.

ఇంక పట్టే పద్ధతి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆడవాళ్ళు మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి, వెనక నుంచి ముందుకి ఎప్పుడూ కాదు, ఎందుకంటే ఈ ఇన్‌ఫెక్షన్లు తెచ్చే ఈ-కోలై ఉండేది మన పేగుల్లోనే, వెనక నుంచే ముందుకి చేరుతది. డెట్టాల్ లాంటివి వాడొద్దు, అది కాస్త డబ్బాలో పడినా ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోయి రిపోర్టు తప్పుగా ఏమీ లేదని వస్తది. తర్వాత రెండు వేళ్ళతో యోని పెదవులు విడదీసి పట్టుకుని, అలా పట్టుకునే ఉండి, మొదటిది వదిలి మధ్యది డబ్బాలోకి. ఈ విడదీసి పట్టుకోవడం అనే మాటే ఎవరూ చెప్పరు, కానీ కడుక్కోవడం కన్నా కూడా ముఖ్యం అదే. మగవాళ్ళు ముందు చర్మం వెనక్కి లాగి కడుక్కుని అలాగే వెనక్కి ఉంచి మూత్రం పోయాలి. డబ్బా లోపల వేలు తగలకూడదు, అంచు ఒంటికి తగలకూడదు, మూత నేల మీద బోర్లా పెట్టకూడదు, వీలైతే మూత లోపలి వైపు ముట్టుకోకుండా ఇంకో చేత్తో పట్టుకోవాలి. 10 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు, అంటే డబ్బాలో సగం, కొంతమంది పొంగి పొర్లేదాకా నింపి పేపర్లో చుట్టి ఇస్తారు, పాపం, తక్కువైతే రిపోర్టు సరిగ్గా రాదని భయం. నెలసరి అయితే ఆ మాట చెప్పేయండి, ఆగగలిగే పరిస్థితి అయితే ఆగమంటారు, ఆగలేకపోతే ఏం చేయాలో చూస్తారు. తెల్లబట్ట అవుతున్నా చెప్పండి, పస్ సెల్స్, అంటే చీము కణాలు, అక్కడ్నుంచి కూడా కలుస్తాయి.

ఇప్పుడు ఈ పద్ధతి అంతా మా ఊళ్ళ ల్యాబుల బాత్రూంలో చేసి చూడమనండి ఎవరినైనా. చీర కట్టుకున్న ఆవిడ, మోకాళ్ళ నొప్పులు, ఇండియన్ టాయిలెట్, ఒక చేత్తో చీర ఎత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో డబ్బా, మూత ఎక్కడ పెట్టాలి, విడదీసి పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి, హ్యాండ్‌బ్యాగ్ తగిలించడానికి ఒక మేకు కూడా ఉండదు, మూత పెట్టడానికి బెత్తెడు గూడు ఉండదు, బకెట్లో నీళ్ళుంటే మగ్గు ఉండదు. ఏం చేస్తారు, అక్కడున్న మగ్గులో పోసి దాంట్లోంచి డబ్బాలోకి వంచుతారు. ఆ మగ్గులో ఏమేం పెరుగుతుందో మా ప్లేట్లని అడగండి చెప్తాయి! లక్షలు పోసి ఆటో ఎనలైజర్ కొని ఏసీ రూంలో పెడతారు, బాత్రూంలో ఒక గూడు, ఒక హుక్కు, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి, కూర్చుని లేవడానికి గోడకి పట్టుకునే కమ్మీ ఒకటి, వీటికి మాత్రం డబ్బులుండవు. ఇది ప్రైవేటు గవర్నమెంటు అని తేడా లేదు, రెండు చోట్లా ఇదే వరస.

ల్యాబ్‌లో మేమేం చేస్తామో కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే నేనెందుకింత గొడవ చేస్తున్నానో అర్థం కాదు. మా దగ్గర ఒక సన్న తీగ ఉంటది, చివర ఉంగరంలా వంచి ఉంటది, దాన్ని మూత్రంలో ముంచితే సరిగ్గా మిల్లీలీటర్లో వెయ్యోవంతు పడుతుంది. దాన్ని ప్లేటు మీద గీసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచుతాం. పొద్దున ఒక్కో చుక్కని, కాలనీ అంటాం, లెక్కపెట్టి వెయ్యితో హెచ్చిస్తాం. 100 కాలనీలుంటే మిల్లీలీటర్‌కి లక్ష బ్యాక్టీరియా. ఈ లక్ష లెక్క 1950ల్లో అమెరికాలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టర్ పెట్టింది, లక్ష దాటితే నిజంగా బ్లాడర్‌లోదే అయ్యుండొచ్చు, తక్కువైతే బయటినుంచి కలిసిందేమో అని. ఇప్పటికీ రిపోర్టుల్లో అదే గీత. అయితే మంట, నొప్పి స్పష్టంగా ఉన్న ఆడవాళ్ళలో ఒకటే రకం ఈ-కోలై చాలా తక్కువ సంఖ్యలో ఉన్నా జబ్బే అని 1980ల్లో తేలింది, అంటే అంకె ఒక్కటీ చూసి తేల్చేది కాదు ఇది, మనిషికి ఏం బాధ ఉందో దాన్ని కలిపి చూడాలి. చీటీ మీద డాక్టర్లు ఆ బాధ ఒక్క లైన్ రాస్తే మాకెంత మేలో, ‘యూరిన్ సీ అండ్ ఎస్’ అని, అంటే కల్చర్ చేసి ఏ మందు పనిచేస్తుందో చూడమని, గొలుసుకట్టులో గీకి వదిలేస్తారు, గర్భిణీయా, సుగర్ పేషెంటా, మూత్రం పైపు ఉందా, ముందే మందు మొదలెట్టారా, ఏమీ ఉండదు.

ప్లేటు మీద ఒకే రకం కాలనీలు చక్కగా వస్తే మాకు పని సులువు, ఏ బ్యాక్టీరియానో తేల్చి ఏ మందు పనిచేస్తుందో ఇంకో రాత్రి పెట్టి చూస్తాం, మొత్తం రెండు మూడు రోజులు. కానీ మూడు నాలుగు రకాలు కలగాపులగంగా వస్తే అది బయటినుంచి కలిసిందే, మళ్ళీ శాంపిల్ ఇవ్వండి అని రాయాలి. అలా రాసి పంపితే ఏమవుద్దో తెలుసా, సగంమంది మళ్ళీ రారు. ఊరి నుంచి బస్సెక్కి, కూలి మానుకుని వచ్చినవాళ్ళు, రెండోసారి డబ్బులు కట్టమంటే ఎందుకొస్తారు. కొన్ని చోట్ల అయితే మళ్ళీ రమ్మంటే పేషెంటు కోప్పడతాడు, డాక్టర్ కోప్పడతాడు, పోటీ ల్యాబ్‌కి పోతారని భయపడి ఆ కలగాపులగంలోనే కాస్త ఎక్కువున్నదాన్ని ఒకదాన్ని ఎంచుకుని రిపోర్టు ఇచ్చేస్తారు. ఆ రిపోర్టు చూసి డాక్టర్ గారు ఇంజెక్షన్లు రాస్తారు. ఆ మనిషికి అసలు ఆ జబ్బే లేకపోవచ్చు. మీరు రాసిన వార్తల్లో లొంగని బ్యాక్టీరియా అన్నారే, దాన్ని పెంచే దారుల్లో ఇదొకటండి.

మీ రిపోర్టు మీరే ఒకసారి చూసుకోవచ్చు. సీయూఈలో ‘ఎపిథీలియల్ సెల్స్’ అని ఒక వరస ఉంటది, అక్కడ ‘ప్లెంటీ’ అనో పెద్ద అంకో ఉంటే అది చర్మం పొర నుంచి రాలినవి, అంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదని దాదాపు అర్థం. అందరూ పస్ సెల్స్ అంకె ఒక్కటి చూసి కంగారుపడతారు, దాని కిందనో పైనో ఉండే ఈ వరస చూడరు.

ఇంక రెండో గొడవ, టైము. పట్టిన మూత్రం బయట పెడితే 2 గంటల్లోపు ప్లేటు మీదకి ఎక్కాలి. లేదంటే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో పెట్టాలి, అలా అయితే 24 గంటల వరకు పర్వాలేదు. ఎందుకంటే బ్యాక్టీరియాకి మూత్రం కూడా తిండే, వెచ్చగా ఉంటే అందులోనే పెరుగుతాయి. అరగంటకి ఒకసారి రెట్టింపు అవుతాయని లెక్కేసినా 4 గంటల్లో 8 సార్లు, అంటే 256 రెట్లు. చర్మం మీద నుంచి కలిసిన 500 కాస్తా 1,28,000 అయి కూర్చుంటాయి, లక్ష గీత దాటేశాయి, ఇంకేం, పాజిటివ్! ఇప్పుడు మా రెంటచింతల, మాచర్ల వైపు మే నెల ఎండ మీకు తెలుసు, 45 డిగ్రీలంటే మా ఇంక్యుబేటర్ కన్నా వేడి. అక్కడి కలెక్షన్ సెంటర్లో పొద్దున 7కి తీసుకున్న డబ్బాలు అన్నీ పోగయ్యాక ఎప్పుడో బస్సులో పెడితే గుంటూరు చేరేసరికే రెండున్నర మూడు గంటలు, అక్కడ బస్టాండ్‌లో దించి, బండి మీద ల్యాబ్‌కి తెచ్చి, నంబర్లు వేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడి బెంచి మీదకి. ఐస్ బాక్స్ ఉంటది, లేదనను, అందులో రక్తం ట్యూబులు పెడతారు, మూత్రం డబ్బాలు కారతాయని విడిగా కవర్లో వేస్తారు. ఇళ్ళకొచ్చి శాంపిల్స్ తీసుకెళ్ళే కుర్రాళ్ళదీ అదే కథ, బండి డిక్కీలో డబ్బా, ఇంకో పది ఇళ్ళు తిరగాలి.

పైగా ఇది కల్చర్‌కే కాదు. సీయూఈ కూడా పాడవుతది, ఎక్కువసేపు ఉంటే పస్ సెల్స్ చితికిపోతాయి, కొన్ని బ్యాక్టీరియా యూరియాని విరగ్గొట్టి అమోనియా చేస్తాయి, వాసన మారుతుంది, క్షారగుణం పెరుగుతుంది. అంటే ఉన్న చీము కణాలు కనపడవు, లేని బ్యాక్టీరియా కనపడతాయి.

ఈ ఆలస్యానికి విరుగుడు ఉంది, కొత్తదేం కాదు. లోపల బోరిక్ యాసిడ్ పొడి ఉండే ట్యూబులు దొరుకుతాయి, అందులో గీత దాకా మూత్రం నింపితే బ్యాక్టీరియా చావవు పెరగవు, ఫ్రిజ్ లేకపోయినా 24 గంటలు, కొన్ని ట్యూబులకి 48 గంటల దాకా కల్చర్‌కి పనికొస్తది. గీత దాకా నింపడం ముఖ్యం, కాసిని చుక్కలు పోసి పంపితే ఆ పొడి ఘాటుకి బ్యాక్టీరియా చచ్చిపోతాయి. దూరం నుంచి శాంపిల్స్ తెప్పించుకునే ప్రతి ల్యాబ్ ఇవి వాడాలి, లేదా ఐస్ బాక్స్‌లో మూత్రానికీ చోటివ్వాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కాదు.

ఇంటి దగ్గర్నుంచి తెచ్చేవాళ్ళ సంగతి వేరే. టానిక్ సీసాలు, పచ్చడి సీసాలు, మంచినీళ్ళ బాటిళ్ళు, ఒక పెద్దాయన అయితే ఉప్పు నీళ్ళతో మరిగించి కడిగి తెచ్చానమ్మా అని ఎంతో జాగ్రత్తగా జేబులోంచి తీసిచ్చారు, ఆయన శ్రద్ధకి దణ్ణం పెట్టాలి గానీ ఆ సీసా పనికిరాదు. ముందురోజే ల్యాబ్ నుంచి సీలున్న స్టెరైల్ డబ్బా తీసుకెళ్ళండి, పొద్దున లేవగానే మొదటిసారి వెళ్ళినప్పుడు పట్టండి, రాత్రంతా బ్లాడర్‌లో నిలవ ఉంటుంది కాబట్టి అదే మంచిది, కుదరకపోతే కనీసం 4 గంటలు ఆపుకున్నాక పట్టింది. మొదటిసారి వెళ్ళినప్పుడు అంటే మొదటి ధార అని కాదు, అప్పుడు కూడా మధ్య ధారే, ఇక్కడ చాలామంది తికమకపడతారు. వెంటనే తేలేకపోతే కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ అనగానే ఇంట్లో అత్తగారు ఒప్పుకోరు, పూజకి పాలు కూడా అందులోనే అని, అర్థం చేసుకోగలను, అలాంటప్పుడు ల్యాబ్‌కే వచ్చి ఇవ్వడం మేలు. ఫ్రిజ్‌లో పెడితే మూత్రం కాస్త మబ్బుగా అవుతది, కొన్ని లవణాలు గడ్డకడతాయి, భయపడక్కర్లేదు.

స్కానింగ్ రోజునే యూరిన్ ఇవ్వడం కూడా ఒక తంటా. కడుపు స్కాన్‌కి బ్లాడర్ నిండాలని లీటరు లీటరున్నర నీళ్ళు తాగిస్తారు, స్కాన్ అయ్యాక అదే మూత్రం డబ్బాలో పట్టి ఇస్తారు, ఒక్క పనికి రెండు పనులైపోయాయని. నీళ్ళలాంటి మూత్రంలో పస్ సెల్స్ అంకె, బ్యాక్టీరియా అంకె రెండూ పలచబడిపోతాయి. శాంపిల్ ముందిచ్చి తర్వాత నీళ్ళు తాగండి.

మెడికల్ షాపు మాట మీరే రాశారు కాబట్టి ఒక్కటే చెప్తా. మంట అనగానే రెండు పూటల గోళీలు కొనుక్కుని వేసుకుని, తగ్గకపోతే అప్పుడు కల్చర్‌కి వస్తారు. ఒక్క డోసు పడినా మూత్రంలోకి ఆ మందు బాగా చేరుతుంది, బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, అప్పుడు ‘నో గ్రోత్’ అని రిపోర్టు, లోపల జబ్బు మాత్రం అలాగే. 2014 మార్చి నుంచి సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి, చీటీ ఉండాలి, షాపువాడు రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి, చట్టం అయితే ఉంది. కాబట్టి మందు మొదలెట్టకముందే శాంపిల్ ఇవ్వండి, ఇచ్చిన గంటకే డాక్టర్ మందు మొదలెట్టినా మాకు ఇబ్బంది లేదు. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకుండా ఏ గోళీయో చెప్పండి, స్ట్రిప్ పట్టుకొస్తే ఇంకా మంచిది.

అందరికీ ప్రతి మంటకీ కల్చర్ అక్కర్లేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళకి ఎప్పుడో ఒకసారి వచ్చే మామూలు ఇన్‌ఫెక్షన్‌కి లక్షణాలు చూసి డాక్టర్ మందు ఇచ్చేయొచ్చు. గర్భిణీలు, పిల్లలు, మగవాళ్ళు, చలిజ్వరం నడుంనొప్పి ఉన్నవాళ్ళు, మాటిమాటికీ వస్తున్నవాళ్ళు, మందు వాడినా తగ్గనివాళ్ళు, వీళ్ళకి తప్పనిసరి.

చంటిపిల్లల దగ్గర ఇంకా కష్టం. జ్వరం ఎందుకో తెలీక యూరిన్ అడుగుతారు, ప్లాస్టిక్ సంచి అంటించి వదిలేస్తారు, అది చర్మానికి ఆనుకునే ఉంటది, మలం తగులుతది, ఎప్పుడు పోశాడో కూడా తెలీదు. ఆ సంచి మూత్రంలో ఏమీ లేదని వస్తే నమ్మొచ్చు, ఉందని వస్తే మాత్రం దాన్ని పట్టుకుని మందు మొదలెట్టకూడదు, సన్న పైపుతోనో సూదితోనో బ్లాడర్ నుంచి తీసింది పంపి తేల్చుకోవాలి. మన అమ్మమ్మలు ‘ఉస్ ఉస్’ అని కూర్చోబెట్టి పోయిస్తారు చూడండి, ఆ ఓపిక ఉంటే ధార మధ్యలో డబ్బా పెట్టి పట్టడం సంచి కన్నా ఎంతో నయం. ఆస్ట్రేలియాలో 2017లో ఒక పరీక్ష చేశారు, ఏడాదిలోపు పిల్లలకి చల్లటి సెలైన్ నీళ్ళలో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపు మీద మెల్లగా రుద్దితే 5 నిమిషాల్లో 100కి 31 మంది పోశారు, రుద్దనివాళ్ళలో 12 మందే. మా పక్కనున్న పిల్లల వార్డు నర్సమ్మలకి చెప్తే ఇదేం పెద్ద వింతా అన్నారు, వాళ్ళు ఎప్పట్నుంచో తడిగుడ్డ వేస్తున్నారట.

పైపు ఉన్న పెద్దవాళ్ళ సంగతి చెప్పి ఆపుతా. పక్షవాతం వచ్చో, ప్రోస్టేట్ వల్లో మంచాన పడి కాథెటర్ పెట్టిన వాళ్ళకి ఇంట్లోవాళ్ళు కింద వేలాడే బ్యాగ్ కొళాయి తిప్పి దాంట్లోది డబ్బాలో పట్టి తెస్తారు. ఆ బ్యాగ్‌లో మూత్రం గంటల తరబడి వెచ్చగా నిలవ ఉన్నది, దాంట్లో పెరగని బ్యాక్టీరియా ఉండదు. పైపు మీద శాంపిల్ తీయడానికి ఒక చోటు ఉంటది, దాని కింద పైపుని కాసేపు బిగించి, స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి, పైపు పెట్టి 2 వారాలు దాటితే పైపు మార్చి కొత్తదాంట్లోంచి తీయాలి. పీకేసిన పైపు చివర కత్తిరించి కల్చర్‌కి పంపడం ఇంకా కొన్ని చోట్ల చూస్తున్నా, అది దేనికీ పనికిరాదు. ఇంకో సంగతి, పైపు ఉన్నవాళ్ళలో రోజుకి 3 నుంచి 7 శాతం చొప్పున బ్యాక్టీరియా చేరుతూ పోతుంది, నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటది, జ్వరం నొప్పి లాంటివి ఏమీ లేకపోతే దానికి మందు అక్కర్లేదు. మబ్బుగా ఉందనో వాసనొస్తుందనో పరీక్ష చేయించకండి. చేయిస్తే పాజిటివే వస్తుంది, ఇంక ఇంజెక్షన్లు మొదలు.

గర్భిణీలకి మాత్రం దీనికి రివర్స్, ఏ బాధా లేకపోయినా బ్యాక్టీరియా ఉందంటే మందు వాడాల్సిందే, వదిలేస్తే కిడ్నీ దాకా పాకే ప్రమాదం ఉంది. ప్రతి నెలా 9వ తారీకున పీహెచ్‌సీల్లో గర్భిణీలకి ప్రత్యేక చెకప్‌లు జరుగుతాయి కదా, ఆ రోజు ఆ ఒక్క బాత్రూం ముందు లైను చూడండి ఒకసారి, తొమ్మిదో నెల కడుపుతో ఉన్న అమ్మాయి డబ్బా పట్టుకుని వంగలేక ఎలా అవస్థ పడుతుందో. అక్కడ ఏఎన్‌ఎంలు ఆశా కార్యకర్తలు ఉంటారు, ఆడవాళ్ళే, సిగ్గుపడక్కర్లేదు, ఒక్క మాట పక్కకి తీసుకెళ్ళి చెప్తే చాలు, కొంతమంది చెప్తున్నారు కూడా, వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే శాంపిల్స్ చూడగానే తెలిసిపోతాయి మాకు.

కాబట్టి నేను అడిగేది ఏంటంటే, ప్రతి ల్యాబ్ కౌంటర్‌లో కనీసం పొద్దున పూట ఒక ఆడమనిషి ఉండాలి, శాంపిల్ ఎలా పట్టాలో చెప్పడం ఆమె పనిలో భాగం అని రాసి పెట్టాలి. బాత్రూం లోపలి గోడకి తెలుగులో, బొమ్మలతో ఒక పోస్టర్, చదువురాని వాళ్ళకి బొమ్మే చెప్తది, బయటి గోడకి కాదు లోపలి గోడకి, బయట నిలబడి ఎవరూ చదవరు. డబ్బా మీద పేరుతో పాటు పట్టిన టైము రాయాలి, అదే టైము రిపోర్టు మీద కూడా ప్రింటవ్వాలి, ఇప్పుడు మన రిపోర్టుల మీద ఉండేది కంప్యూటర్‌లో ఎక్కించిన టైము, బాత్రూంలో పట్టిన టైము కాదు. ఈ రెండు టైములూ పక్కపక్కన ప్రింటయితే చాలు, డాక్టర్లే అడగడం మొదలెడతారు ఇన్ని గంటలు ఎక్కడుందయ్యా ఈ డబ్బా అని. కలగాపులగంగా వచ్చిన శాంపిల్‌కి రెండోసారి డబ్బులు తీసుకోకూడదు, ఈ మాటకి మా ఓనర్లు నా మీద కోప్పడతారేమో గానీ చెప్పకపోవడమే తప్పైనప్పుడు పేషెంటు ఎందుకు కట్టాలి. జిల్లా వైద్యాధికారులు ల్యాబుల తనిఖీకి వచ్చినప్పుడు లైసెన్స్ కాగితాలు, ఫైర్ సిలిండర్ చూసి వెళ్ళిపోతారు, ఒక్కసారి ఆ బాత్రూం తలుపు కూడా తీసి చూడమనండి.

మీ ఆరోగ్యం పేజీలో ఆడవాళ్ళకి వేరే మగవాళ్ళకి వేరే రెండు బొమ్మలు వేసి నాలుగు లైన్లు రాస్తే బాగుంటది. అసభ్యం అంటారేమోనని సందేహించకండి, పాలిచ్చే తల్లి బిడ్డని ఎలా పట్టుకోవాలో బొమ్మ వేసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు కదా.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
పల్నాడు జిల్లా

తా.క. మధ్య ధార మాట అన్నిటికీ వర్తించదు. క్లమీడియా లాంటి సుఖవ్యాధుల పరీక్షకి మొదటి ధారే కావాలి, ముందు కడుక్కోకూడదు కూడా. మూత్రంలో టీబీ అనుమానం ఉంటే, అంటే పస్ సెల్స్ బోలెడు ఉండి మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, వరసగా మూడు రోజులు పొద్దున మొదటిసారి వచ్చిన మూత్రం మొత్తం పెద్ద డబ్బాలో పట్టివ్వమంటారు. అందుకని ఏ పరీక్షకో చీటీ చూపించి అడిగి పట్టండి, అడిగితే విసుక్కునే ల్యాబ్ అయితే పక్క ల్యాబ్‌కి వెళ్ళండి.